మొండి సోరియాసిస్‌కు కాంతి చికిత్స: వరుస తప్పరాదు

మోచేతులమీద, మోకాళ్ళమీద, తలలో ఎఱ్ఱని మచ్చలు లేచి, వెండివంటి పొలుసులు రాలు చర్మవ్యాధియే సోరియాసిస్. ఇది అంటువ్యాధి కాదు; కుష్ఠు కాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభయు దీనిని అంటని దీర్ఘవ్యాధిగా పేర్కొన్నది. సమూలముగా పోగొట్టు మందు లేకున్నను, దీనిని అదుపులో ఉంచవచ్చును.

పూతమందులకు లొంగనపుడు వైద్యులు కాంతి చికిత్సను సూచింతురు. 311 నానోమీటర్ల దరిదాపు అతినీలలోహిత కిరణములను వెలువరించు దీపములను ఇందులకు వాడుదురు. ఆ కిరణములు చర్మపు పొరల అతివేగమైన పెరుగుదలను అణచును.

పగలెల్ల మిరపచేలలో ఎండకుండు వారికి ఈ దీపమెందుకని కొందరడుగవచ్చును. ఎండకు కొలత లేదు, దీపమునకు కలదు. ఎండ మితిమీరి చర్మము కమిలినచో, అచ్చటనే క్రొత్త మచ్చలు లేవవచ్చును.

సాధారణముగా వారమునకు మూడుమార్లు, దినము విడిచి దినము, ఈ చికిత్స జరుగును. కిరణములవలన కలుగు ఎఱ్ఱదనము తెలియుటకు ఒక దినము పట్టును. అందుకే ఆ ఎడము. స్వల్పమైన మోతాదుతో ఆరంభించి క్రమముగా పెంచుదురు. పెక్కుమందికి 20 నుండి 30 మార్లలో గుణము కనిపించును. దూరగ్రామములవారు వైద్యుని అనుమతితో వారమునకు రెండుమార్లు వెళ్ళవచ్చును. ఫలితము కలుగును గాని, ఎక్కువ వారములు పట్టును.

వరుస తప్పినచో నష్టమేమి? వారములోపైన మోతాదు పెంచరు. ఒకటి రెండు వారములైన సుమారు నాల్గవవంతు తగ్గింతురు. రెండు మూడు వారములైన సగము తగ్గింతురు. అంతకు మించిన మరల మొదటినుండియే ఆరంభింతురు. కావున తప్పిన దినములను దాచక చెప్పవలెను. దాచి పాత మోతాదునే పొందినచో చర్మము కాలును.

గుంటూరు, ప్రకాశం మైదానములలో జనవరి నుండి ఏప్రిల్ వరకు కాయకోతలు జరుగును. కూలి పోవునని, బస్సు ఖర్చు భారమని రోగి సగములో మానివేయును. పడిన శ్రమయంతయు వ్యర్థమగును. వ్యాధి తీవ్రము కానిచో, వైద్యుని అడిగి, కోతలు ముగిసి ఏరువాక సాగులోపున చికిత్స పూర్తిచేసికొనుట మేలు. తీవ్రమైనచో జాగు కూడదు.

పంచాయతీ సభ్యులు చేయదగినవి మూడు. రోగితో ఒకే పంక్తిని కూర్చుండి, అంటునను భయమును పోగొట్టుడు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల చర్మవిభాగములలో దీపము, చికిత్స దినములు ముందుగా విచారించి తెలుపుడు. ఆ దినములలో రోగిని పనికి ఒత్తిడి చేయవలదని మేస్త్రీలకును, రైతులకును నచ్చజెప్పుడు. దీపమును వైద్యులు వెలిగింతురు. వరుస నిలుపవలసినది గ్రామమేయని మేము విన్నవించుచున్నాము.