వెయ్యి కదలికలూ రెండు మార్కులూ

పక్షవాతానికి థెరపీ ఎలా జరుగుతోందో చూద్దామని కొందరు పరిశోధకులు అమెరికా, కెనడాల్లో 312 సెషన్లను దగ్గర కూర్చుని లెక్కపెట్టారు. 2009లో ఫలితం వచ్చింది. చేత్తో పనులు సాధన చేయించినప్పుడు కూడా ఒక్కో సెషన్‌లో పడిన కదలికలు సగటున 32. మెదడులో మార్పు రావడానికి జంతువుల మీద ప్రయోగాల్లో రోజుకు వందల సార్లు చేయించారు.

ఈ లోటు పూడ్చడానికే రోబో. ఎంఐటీ తయారుచేసిన ‘మానస్’లో రోగి ముంజేతిని పట్టీతో కట్టి, పిడి పట్టిస్తారు. తెరమీది చుక్క వైపు చెయ్యి జరపాలి. జరపలేకపోతే మోటారే మెల్లగా తోస్తుంది. గంటలో సుమారు వెయ్యి కదలికలు. దానికి విసుగూ రాదు, అలుపూ రాదు.

చేతికి సాయపడగలదని ఆశిస్తున్న మరో పద్ధతి కంపనం. దాని దారి వేరు. మోచేతి దగ్గర కండర స్నాయువు మీద సెకనుకు 70, 80 సార్లు అదిరే చిన్న మోటారు పెడితే, కళ్లు మూసుకున్న మనిషికి కదలని చెయ్యి చాచుకుంటున్నట్టు అనిపిస్తుంది. కండరం సాగుతోందని దానిలోని గ్రాహకాలు మెదడుకు కబురు పంపడమే కారణం. యంత్రం చేతిని కదుపుతుండగా, రోగి కూడా ప్రయత్నిస్తూ, సాగే కండరానికి ఈ అదురు కలిపితే కబురు గట్టిగా చేరుతుందని ఆశ. ఆలోచన బాగుంది, అధ్యయనాలు మాత్రం ఇంకా చిన్నవే.

రోబోకు పెద్ద పరీక్షలే జరిగాయి. 2010లో అమెరికాలో 127 మంది మాజీ సైనికుల మీద 12 వారాలు, 36 సెషన్లు. చేతి కదలికను కొలిచే 66 మార్కుల ఫ్యూగెల్-మేయర్ పరీక్షలో మామూలు వైద్యం కన్నా రోబోకు ఎక్కువొచ్చింది 2.17. గణాంకాల లెక్కలో అది తేడా కిందకే రాదు. తర్వాత 2019లో బ్రిటన్‌లో 770 మందితో రాటల్స్ ట్రయల్: గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం లాంటి పనుల్లో మెరుగుపడ్డవారు రోబో జట్టులో 44 శాతం, మామూలు వైద్యంలో 42, మనుషులే అదనంగా సాధన చేయించిన జట్టులో 50. ఈ తేడాలూ గట్టివి కావు. అయితే మూడో జట్టువాళ్లు రోజువారీ పనులు మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా బాగా చేసుకోగలుగుతున్నామని చెప్పారు. రోబో చెయ్యి కదలడం నేర్పింది కానీ, చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పలేదని నాకు తోస్తుంది.

ఆ మూడో జట్టుకు పనులు చేయించింది ఎక్కువగా థెరపీ సహాయకులే. ఏ పని సాధన చేయాలో రోగే ఎంచుకున్నాడు.