హాజరు పట్టీలో ఒక పేరు

పాఠశాల అనగానే మనకు భవనము, ప్రహరీగోడ, మంచినీటి తొట్టి జ్ఞప్తికి వచ్చును. పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చునవి కూడ సాధారణముగ ఇవియే. ఇవి అవసరములే; సందేహము లేదు. కాని పాఠశాల నిజముగ నడచునది ఉపాధ్యాయుని దినచర్యలోని చిన్న చిన్న క్షణములలో. వానిలో ఒక క్షణమునకు పంచాయతీ సభ్యులతో నేరుగ సంబంధము కలదు. దానిని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇందుకై మేము హైదరాబాదు నగరమునకు తూర్పున గల ఉప్పల్, నాచారం ప్రాంతములకు పోయితిమి. పల్లెవాసులకు పట్నపు బడి ముచ్చట ఎందులకని కొందరు అడుగవచ్చును. ఆ బడులలో కూర్చున్న పిల్లలలో అనేకులు మన పల్లెల పిల్లలే గనుక ఆ ముచ్చట మనకు కావలెను.

పల్లెలు కలిసిన చోటు

వరంగల్ రహదారి నగరమున ప్రవేశించు చోట ఉప్పల్ ఉన్నది. ఒకప్పుడిది చెరువు, పొలములు గల గ్రామము. తరువాత ఉప్పల్ కలాన్ పురపాలక సంఘమై, 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. సమీపముననే నాచారం పారిశ్రామికవాడ కలదు. కార్మికులకై అచ్చట ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కూడ ఉన్నది. పాలమూరు, నల్లగొండ, వరంగల్ వైపుల నుండి కట్టడపు పనులకు వచ్చినవారు, ఒడిశా, బీహారు రాష్ట్రముల నుండి కార్ఖానాలకు వచ్చినవారు ఈ ప్రాంతములలో కాపురముందురు. పెద్దలు పనికి పోవుదురు. పిల్లలు సర్కారు బడికి వత్తురు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను నేడు ప్రాథమికోన్నత దశ అనుచున్నాము. నిజాము కాలమున ఈ మధ్య బడిని ‘వస్తానియా’ అనెడివారు. పేరు మారినను పని మారలేదు. అక్షరములు నేర్చిన బిడ్డను ఉన్నత పాఠశాల గడప వరకు నడిపించుటయే ఆ పని. బడి మానివేయు ప్రమాదము మిక్కుటముగ ఉండునది కూడ ఈ వయస్సుననే. పండ్రెండేండ్ల బాలుడు కూలి తేగలవాడుగ కనిపించును. పండ్రెండేండ్ల బాలిక చిన్నపిల్లలను చూడగలదిగ కనిపించును.

ఉపాధ్యాయురాలి దినము

ఈ ప్రాంతమున మధ్య తరగతులకు గణితము చెప్పు ఒక ఉపాధ్యాయురాలి వెంట మేము ఒక దినమంతయు ఉంటిమి.

గంట మ్రోగుటకు ముందే ఆమె గేటు వద్ద నిలుచుండును. ఎవరి కన్నులు నిద్రలేమితో ఎర్రబడినవి, ఎవరు ఏమియు తినక వచ్చిరి, ఎవరు చంకలో తమ్మునితో వచ్చిరి అను సంగతులు అచ్చటనే తెలియునని ఆమె చెప్పినది. ఈ పరిశీలన ఏ దస్త్రములోను నమోదు కాదు. కాని ఆనాటి పాఠము ఎవరికి ఎక్కును, ఎవరికి ఎక్కదు అనునది దీనిని బట్టియే ఉండును.

గణితపు గంటలో ఒడిశా నుండి వచ్చిన బాలుడొకడు నోరు విప్పలేదు. ఆమె వానికి సుద్దముక్క ఇచ్చినది. వాడు నల్లబల్లపై భిన్నముల కూడిక తప్పు లేకుండ చేసి చూపినాడు. వానికి రానిది లెక్క కాదు, తెలుగు మాత్రమే. వాని వద్దనే తాను ‘ఏక, దుయి, తిని’ అని ఒడియా అంకెలు నేర్చుకొంటినని ఆమె నవ్వుచు చెప్పినది.

మధ్యాహ్న భోజనములో ఈ తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల ధాన్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు నియమిత ప్రమాణము. ఆనాడు గ్రుడ్డు కూడ పెట్టిరి. ఒక బాలుడు తన గ్రుడ్డును తినక మెల్లగ డబ్బాలో దాచుకొన్నాడు. ఆమె కోపపడలేదు. దగ్గర కూర్చుండి, ‘ఎవరికి రా?’ అని అడిగినది. ‘మా చెల్లెకు, టీచర్. ఇంటికాడ ఉన్నది’ అన్నాడు. చెల్లెలి వయస్సు ఏడేండ్లు. ‘రేపు చెల్లెను తోలుకొని రా. ఆమె గ్రుడ్డు ఆమెకే ఇస్తరు’ అని ఆమె చెప్పినది. ఒక బాలిక బడిలో చేరుటకు దారి ఆ విధముగ తెరువబడినది.

పలుకని పేరు

ఆనాడు మా మనస్సున నిలిచినది హాజరు వేళ. ఏడవ తరగతి హాజరు పట్టీ తెరచి ఆమె పేర్లు పిలుచుచున్నది. ఒక పేరు వద్ద పలుకు రాలేదు. రెండవసారి పిలిచినది. వెనుక బల్ల నుండి ఒక పిల్ల, ‘వాళ్లు ఊరికి పోయిన్రు, టీచర్’ అన్నది.

ఆ బాలిక పాలమూరు వైపు పల్లెకు చెందినది. దసరా సెలవులకు ఇంటివారితో ఊరికి పోయి మరల రాలేదు. సాయంకాలము ఉపాధ్యాయురాలు తండ్రికి ఫోను చేసినది, పలుకలేదు. గుంపు మేస్త్రీని విచారింపగా, తల్లిదండ్రులు వేరొక చోట పనికి పోయిరనియు, పిల్లను ఊరిలో నాయనమ్మ వద్ద విడిచిరనియు తెలిసినది. పట్నపు పట్టీలో పేరున్నది, పిల్ల లేదు. పల్లెలో పిల్ల ఉన్నది, అచ్చటి పట్టీలో పేరు లేదు. రెండు బడుల నడుమ బిడ్డ జారిపోవుట అనగా ఇదియే.

ఇరుగుపొరుగు వారి ద్వారా ఆ ఊరి వార్డు సభ్యురాలి నంబరు సంపాదించి ఆమెతో మాటలాడినది. ఆ సభ్యురాలు మరునాడు ఉదయమే నాయనమ్మ ఇంటికి పోయి, నచ్చజెప్పి, పిల్లను చేయి పట్టుకొని బడికి తీసికొనిపోయినది. ఆ బాలిక నేడు తన ఊరిలోనే ఏడవ తరగతి చదువుచున్నది. పట్నమున ఒక ఫోను, పల్లెలో ఒక నడక – ఇంతకు మించి ఏమియు జరుగలేదు.

అన్ని కథలు ఇట్లు ముగియవు. ఎనిమిదవ తరగతి పట్టీలో మరియొక పేరున్నది. ఆ బాలుని ఊరు తెలియునుగాని, అచ్చట అడిగి చెప్పువారు దొరకలేదు. ఆ పేరును ఆమె ప్రతిదినము పిలుచుచునే ఉన్నది.

చట్టమేమి చెప్పుచున్నది?

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆరు నుండి పదునాలుగేండ్ల వయస్సు గల ప్రతి బిడ్డకు ఇది వర్తించును. ఈ చట్టమున స్థానిక సంస్థ అను మాటలో పంచాయతీ కూడ చేరియున్నది. తన పరిధిలోని పదునాలుగేండ్ల లోపు పిల్లల వివరములను నమోదు చేసి ఉంచుట, వలస కుటుంబముల పిల్లలు బడిలో చేరునట్లు చూచుట స్థానిక సంస్థ విధులని తొమ్మిదవ సెక్షను చెప్పుచున్నది.

బడి మారు బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రమును, అనగా టీసీని, వెంటనే ఇయ్యవలెను. అది తెచ్చుటలో ఆలస్యమైనదను కారణమున సర్కారు బడిలో ప్రవేశమును నిరాకరించుటగాని జాప్యము చేయుటగాని కూడదని ఐదవ సెక్షను చెప్పుచున్నది. బడి మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని నాలుగవ సెక్షను ఆదేశించుచున్నది.

సభ్యులు చేయదగిన పనులు

1. ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లల పేర్లు, తరగతి, బడి ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొనవలెను. వలస పోయిన కుటుంబమైనచో ఏ ఊరికి పోయినది, ఏ నంబరుకు పలుకును అనునది కూడ వ్రాయవలెను.

2. కుటుంబము వలసకు బయలుదేరుటకు ముందే టీసీ తీసికొనునట్లు చెప్పవలెను. ఆరవ తరగతి మొదలు బాలికలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలో వసతితో కూడిన చదువు కలదు. అవకాశమున్నచోట బిడ్డను అచ్చట చేర్పించవలెను.

3. తిరిగి వచ్చిన కుటుంబమును ఆ వారములోనే పలుకరించి, పిల్లలను బడిలో చేర్పించవలెను. టీసీ లేదను మాటకు వెనుదిరుగ నక్కరలేదు.

4. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయము తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయుని వినియోగింపరాదని చట్టమున్నది. పంచాయతీ పనులకై ఆయనను తరగతి నుండి పిలువరాదు.

5. తెలియని బడి నుండి ఉపాధ్యాయుడెవరైన ఫోను చేసి, ‘ఈ బిడ్డ మీ ఊరిలో ఉన్నదా?’ అని అడిగినచో, ఆనాడే ఆ ఇంటికి పోయి చూచి జవాబు చెప్పవలెను.

ఈ పనులకు నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. పట్నములో ఒక ఉపాధ్యాయురాలు రేపు ఉదయము మరల హాజరు పట్టీ తెరచును. ఆమె పిలుచు పేర్లలో మీ ఊరి పేరు గల బిడ్డ ఒకరు ఉండవచ్చును. ఆ బిడ్డ అచ్చట పలుకనిచో, మీ ఊరి బడిలోనైనను పలుకునట్లు చూచుట మీ చేతిలో ఉన్నది.