మూడు మిల్లీమీటర్ల వివాదం

మా పొరుగున ఉన్న తెలుగు కుటుంబంలోని విద్యార్థి ఒకడు ఢిల్లీ మెట్రో రైలుకు నమూనా చేయ పూనుకున్నాడు. కొలత 87వ వంతు. సుమారు 22 మీటర్ల పెట్టె 25 సెంటీమీటర్లకు దిగింది. ప్లాస్టిక్ రేకులతో పెట్టెలు చక్కగానే కుదిరాయి. చిక్కల్లా పట్టాల దగ్గర వచ్చింది.

ఆ కొలతకు అంగడిలో దొరికే పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి సరిపోతుంది. 2002 డిసెంబరు 24న షాహ్‌దరా, తీస్ హజారీల మధ్య ప్రారంభమైన తొలి మెట్రో మార్గమో, 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి. దాని నమూనాకు 19 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి.

ఈ మూడు మిల్లీమీటర్ల తేడా వెనుక రాజధానిలో పెద్ద వాదమే నడిచింది. నగర రైళ్లకు స్టాండర్డ్ గేజి మేలని మెట్రో సారథి శ్రీధరన్ అభిప్రాయం. బ్రాడ్ గేజియే ఉండాలని రైల్వే శాఖ పట్టు. మొదట ఆ శాఖ మాటే నెగ్గింది. అనంతరం పునరాలోచన జరిగి, 2010లో ఇందర్‌లోక్–ముండ్కా మార్గం స్టాండర్డ్ గేజిపై నడిచింది. 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోదీ అదే గేజి. ఫలితంగా ఢిల్లీలో ఒక గేజి రైలు మరో గేజి మార్గంలోకి పోజాలదు. ఆ భారం ప్రయాణికుడు గమనించడు. మెట్లెక్కి, బండి మారి వెళ్లిపోతాడు.

"హైదరాబాదు రైలు చేయరాదా? అంగడి పట్టాలే సరిపోతాయి" అన్నాను.

"రోజూ మేమెక్కేది ఈ బండే కదండీ" అన్నాడతడు, చేత్తో స్లీపర్లు కోసుకుంటూ.

ప్రభుత్వ నిర్ణయాలు ఫైళ్లలో ముగిసిపోవు. కట్టిన పట్టాలను మళ్లీ ఎడం చేయడం, దగ్గర చేయడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. వాదించవలసిందేదో పట్టాలు పడకముందే పార్లమెంటులో వాదించాలి.