బ్రేకు వదలట్లేదా?

బండిని తోస్తుంటే ముందు చక్రం బరువుగా కదులుతోందా? కాస్త దూరం వెళ్లొచ్చేసరికి డిస్కు కాలిపోతోందా? అయితే ఓసారి కాలిపర్ చూడాల్సిందే.

లీవరు నొక్కితే కాలిపర్‌లోని పిస్టను ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. వదలగానే వెనక్కి జరగాలి. బురద, దుమ్ము చేరితే అదీ, కాలిపర్ కదిలే పిన్నులూ బిగుసుకుపోతాయి. బ్రేకు పట్టేసినట్టే ఉంటుంది. మైలేజీ తగ్గుతుంది, ప్యాడ్లు త్వరగా అరుగుతాయి.

శుభ్రం చేయడం ఇంట్లోనూ కుదురుతుంది. డిస్కు చల్లారాక కాలిపర్ విప్పి ప్యాడ్లు తీయండి. వాటి మీది గాడి అరిగిపోయి ఉంటే కొత్తవి వేయాలి. పిస్టను చుట్టూ సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పెట్రోలు వాడొద్దు, లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. ప్యాడ్లు తీసి ఉన్నప్పుడు లీవరు నొక్కితే పిస్టను ఊడి వచ్చేస్తుంది, జాగ్రత్త! పిన్నులకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. ప్యాడ్లకు, డిస్కుకు మాత్రం అంటనివ్వొద్దు. తర్వాత పిస్టనును మెల్లగా లోపలికి నెట్టి, అన్నీ బిగించండి. అప్పుడు బ్రేక్ ఆయిల్ పైకి పొంగి పెయింటు మీద పడితే రంగు పోతుంది. వెంటనే నీళ్లతో కడిగేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం... బిగించాక మొదట లీవరు ఖాళీగా లోపలికి పోతుంది. గట్టిపడేదాకా నొక్కుతూనే ఉండాలి. ఆ తర్వాతే బండెక్కి, వీధిలో నెమ్మదిగా నడిపి చూడాలి. అప్పటికీ లీవరు మెత్తగానే ఉన్నా, ఆయిల్ కారుతున్నా మెకానిక్ దగ్గరికి నడిపించుకునే వెళ్లండి.