మీకు తెలుసా? మూడు చక్రాల బండి కూడా మలుపులో వాలుతుంది!

ఇటలీకి చెందిన పియాజియో 2006లో ఎంపీ3 అనే స్కూటర్ తెచ్చింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మన రోడ్ల మీద తిరిగే 'ఆపే' (Ape) ఆటోలూ ఈ కంపెనీవే. ఆటో వాలదు, ఎంపీ3 మాత్రం మామూలు బైకులాగే ఒరుగుతుంది. కిటుకంతా ముందు భాగంలోనే ఉంది. అక్కడ నాలుగు కడ్డీలను సమాంతర చతుర్భుజంలా బిగించారు. బండి ఎటు ఒరిగితే అటువైపు చక్రం బాడీ వైపు పైకి జరుగుతుంది, రెండోది కిందికి దిగుతుంది. దాంతో రెండు టైర్లూ రోడ్డును పట్టుకునే ఉంటాయి. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆ రెండో టైరు విలువ బాగా తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఒక మీట నొక్కితే ముందు భాగం బిగుసుకుంటుంది, కాలు కింద పెట్టే పనిలేదు.

ఫ్రాన్స్‌లో దీనికి గిరాకీ పెరగడానికి ఇంకో కారణం లైసెన్సు. ముందు చక్రాల మధ్య కనీసం 46 సెంటీమీటర్ల దూరం ఉంటే కారు లైసెన్సుతోనే నడపొచ్చు. 2011 నుంచి 7 గంటల శిక్షణ మాత్రం తప్పనిసరి చేశారు.

అమెరికాలో మూడు చక్రాల బండి కథ ఇంకా పాతది. హార్లే డేవిడ్‌సన్ 1932 నుంచి 1973 దాకా సర్వీ-కార్ తయారుచేసింది, పోలీసులు దాన్ని విరివిగా వాడారు. అదే కంపెనీ నుంచి 2009 మోడల్‌గా ట్రై గ్లైడ్ వచ్చింది. కెనడా వాళ్ల కాన్-యామ్ స్పైడర్ లాగే ఇదీ ఒరగదు. అయితే మోకాళ్లు సహకరించకపోయినా బండి మీద మమకారం చావని పెద్దవాళ్లకు ఆ నిలకడే కావాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కుర్రకారు హుషారుకు యమహా నైకెన్ ఉంది: మొదట 847 సీసీ ఇంజిన్‌తో వచ్చింది, 45 డిగ్రీల దాకా వాలుతుంది.