మందు వల్లా? మందు మానడం వల్లా?

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలోని తెలుగు కుటుంబాల్లో చాలామందికి రెండు చోట్ల వైద్యం అలవాటు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రైల్వే ఆసుపత్రి. సెలవులకు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పలాసలోనో శ్రీకాకుళం రోడ్డులోనో దిగితే ఊళ్ళో ఆర్‌ఎంపీ. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ పెట్టిన కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళు వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు, ఊరితో రాకపోకలు మాత్రం తెగలేదు. దీర్ఘరోగం ఉన్నవాళ్ళకు చిక్కు ఈ రాకపోకల్లోనే వస్తుంది. ఇక్కడ మొదలైన మందు అక్కడ అయిపోతుంది. అక్కడ మొదలైన మందు ఇక్కడ దొరకదు, లేదా దాని పేరే తెలియదు. ఆ తర్వాత జ్వరమో, ఒళ్ళునొప్పులో, కళ్ళు తిరగడమో వస్తే అది మందు తెచ్చిన బాధా, మందు మానడం తెచ్చిన బాధా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చెయ్యవలసింది మాత్రం ఒకదానికొకటి ఎదురు.

మందు తెచ్చే బాధకు ఉత్తరాంధ్ర వాళ్ళు బాగా ఎరిగిన ఉదాహరణ బోదకాలు మాత్ర, డీఈసీ. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఈ మందు వచ్చినప్పుడు అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి పెద్దవాళ్ళ చేత 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు మింగిస్తారు. ఆ రాత్రో మర్నాడో కొందరికి చలిజ్వరం, తలనొప్పి, ఒళ్ళు విరిచేసినట్టు నొప్పులు వస్తాయి. గజ్జల్లోనో వృషణాల దగ్గరో నొప్పితో గడ్డ కట్టవచ్చు. రక్తంలో తిరుగుతున్న బోదకాలు పిల్ల పురుగులు ఒక్కసారిగా చచ్చిపోవడం దీనికి కారణం. వాటి శరీరంలోని ప్రొటీన్లు, వాటి లోపల కాపురముండే వోల్‌బాకియా అనే బాక్టీరియా రక్తంలోకి రాగానే మన రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరుగుతుంది. గడ్డ కట్టడమంటే అక్కడ పెద్ద పురుగు చచ్చిందని. సాధారణంగా రెండు మూడు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. పురుగులు లేనివాళ్ళకు ఇంత బాధ అరుదు. అంటే, 'నాకా మాత్ర పడదు' అని మరుసటి ఏడు మింగకుండా దాచేసే మనిషే చాలాసార్లు ఆ మాత్ర నిజంగా అవసరమైన మనిషి. ఈ మాట ఊరూరా చెప్పవలసినది.

ఇలాంటి ఎదురుదెబ్బను సిఫిలిస్ రోగుల్లో ఆస్ట్రియా వైద్యుడు అడాల్ఫ్ యారిష్ 1895లో, జర్మన్ వైద్యుడు కార్ల్ హెర్క్స్‌హైమర్ 1902లో గుర్తించి రాశారు. ఎలుకల జ్వరం లాంటి మరికొన్ని జబ్బుల్లోనూ ఇది ఉంది. అయితే 'మందు పనిచేస్తోందంటే ముందు రోగం ముదురుతుంది' అన్న నమ్మకాన్ని అన్ని మందులకూ అంటగట్టడం ప్రమాదం. కొన్ని అంటురోగాల్లోనే అది నిజం, అదీ ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల మాట. క్షయ మందులు వేసుకుంటుండగా మెడ గడ్డలు కొంత పెరగడం వైద్యం ఫలిస్తున్నప్పుడూ జరుగుతుంది. కానీ ఆ మందులతోనే కళ్ళు పచ్చబడి, అన్నం సయించక, వాంతులవుతుంటే అది కాలేయం దెబ్బతింటున్న గుర్తు. ఓర్చుకుని కూర్చోవలసినది కాదు. పెదాలు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి అందకపోయినా అంతే.

ఇక రెండో వైపు, మందు మానడం తెచ్చే బాధ. కీళ్ళవాతానికీ ఉబ్బసానికీ వాడే ప్రెడ్నిసొలోన్ చిన్న తెల్ల మాత్ర. పేరు లేకుండా పొట్లంలో కట్టి ఇచ్చే 'నొప్పుల మాత్రల్లో' కూడా తరచు ఉండేది ఇలాంటి స్టెరాయిడే. వేసుకున్న రెండో రోజుకే మనిషి లేచి తిరుగుతాడు. మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి, మాత్రల్లో చూసుకుంటే అది సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. బయటి నుంచి అంతకన్నా ఎక్కువ మూడు నాలుగు వారాలపాటు వస్తే మెదడు ఈ గ్రంథులకు ఉత్తర్వులు ఆపేస్తుంది, అవి కుంచించుకుపోతాయి. అప్పుడు పొట్లం అయిపోతే ఒంట్లో కార్టిసాల్ చాలదు, గ్రంథులు మేలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి, వికారం, నీరసం, ఒళ్ళంతా నొప్పులు. వాతం తిరగబెట్టిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు.

తేడా వేళ్ళ కణుపుల దగ్గర దొరుకుతుంది. వాతం తిరగబెడితే కణుపులు వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి, పొద్దున్న లేచాక చాలాసేపు పిడికిలి పట్టదు. మాత్ర మానడం వల్లనైతే నొప్పి కండరాల్లోనూ కీళ్ళలోనూ అంతటా ఉంటుంది, వాపు కనిపించదు, లేచి నిలబడితే రక్తపోటు పడిపోతుంది. అనుమానం తీరకపోతే పొద్దున్నే ఎనిమిది గంటల వేళ రక్తంలో కార్టిసాల్ చూస్తారు.

రెండు బాధలూ ఒకే మనిషికి వచ్చే జబ్బు కుష్ఠు. మందులు సరిగ్గా వేసుకుంటున్నవాళ్ళలోనూ కొందరికి మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, మోచేతి దగ్గరి నరం లావెక్కి నొప్పిపెడుతుంది. అది చచ్చిన క్రిముల మీద శరీరం చేసే దాడి. కుష్ఠు మందులు ఆపకూడదు, పైగా నరాన్ని కాపాడటానికి ప్రెడ్నిసొలోన్ ఇచ్చి నెలల మీద తగ్గిస్తారు. తగ్గిస్తుండగా మళ్ళీ నొప్పులంటే వైద్యులు నరాన్ని నొక్కి చూస్తారు, చిటికెనవేలి బలం, స్పర్శ పరీక్షిస్తారు. అవి తగ్గితే పాత దాడి తిరిగొచ్చినట్టు. అవి బాగుండి నీరసం, తల తిరగడం మాత్రమే ఉంటే స్టెరాయిడ్ తగ్గిన ప్రభావం కావచ్చు.

మానడం వల్ల బాధ స్టెరాయిడ్లతోనే కాదు. రక్తపోటుకు వాడే అటెనొలాల్ హఠాత్తుగా ఆపితే గుండెదడ, ఛాతీనొప్పి రావచ్చు. ఏళ్ళ తరబడి నిద్రకు వేసుకున్న ఆల్‌ప్రజోలామ్ ఒక్కరోజులో మానేస్తే నిద్ర పట్టదు, వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. అన్నిటికీ అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: బాధ మొదలైన రోజుకు ముందు ఏ మందు మారింది, కొత్తది చేరిందా, ఉన్నది ఆగిందా? ఆగిన కొద్ది రోజుల్లోనే, పాత జబ్బులో ఎప్పుడూ లేని లక్షణాలతో మొదలై, తిరిగి ఇవ్వగానే తగ్గితే అది మానడం వల్లే. పాత జబ్బు తిరగబెట్టడం సాధారణంగా నిదానంగా, పాత లక్షణాలతోనే ఉంటుంది. కొత్తది చేరిన వెంటనే వచ్చిందంటే మొదట అనుమానించవలసింది ఆ కొత్త మందునే.

తేదీలు లేకపోతే ఏ వైద్యుడూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. అందుకని ఊరికి రైలెక్కేటప్పుడు మాత్రలు వారం రోజులు ఎక్కువే పెట్టుకోండి. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి రైల్వే ఆసుపత్రి కార్డుతో పాటు ఉంచండి. పేరు చెప్పని పొట్లం తీసుకోవద్దు. స్టెరాయిడ్ వాడే మనిషికి వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి, వెళ్ళగానే ఆ సంగతి చెప్పండి. అప్పుడు కావలసింది హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, అది ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు.