రెపో రేటు పెరిగితే మీ ఈఎంఐకి ఏమవుతుంది?

"ఆర్‌బీఐ రెపో రేటు మార్చింది" అని ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తే చాలామంది స్వైప్ చేసి పక్కన పడేస్తారు. కానీ మీ ఇంట్లో హోమ్ లోన్ ఉంటే, అది మీ జేబుకి సంబంధించిన వార్తే.

అసలు రెపో రేటు అంటే ఏంటి? మనకి డబ్బు కావాలంటే బ్యాంకుకి వెళ్తాం. మరి బ్యాంకుకే డబ్బు కావాలంటే? ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి ఆర్‌బీఐ దగ్గర తెచ్చుకుంటుంది. దానికి కట్టే వడ్డీ రేటే రెపో రేటు.

2022 సంగతి చూద్దాం. ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ ఆయిల్, ముడి చమురు రేట్లు మండిపోయాయి. ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతం. ఆర్‌బీఐ లక్ష్యం 4 శాతం, గరిష్ఠ పరిమితి 6. అందుకే ఆ మే నెలలో 4 శాతం దగ్గర ఉన్న రెపోని పెంచడం మొదలుపెట్టి, 2023 ఫిబ్రవరికల్లా 6.5 చేసేసింది.

వడ్డీ పెంచితే ధరలెలా తగ్గుతాయి? అప్పు ఖరీదైతే బండి, ఫ్లాట్ కొనాలనుకున్నవాళ్లు ఆగుతారు. కంపెనీలు కొత్త పెట్టుబడులు వాయిదా వేస్తాయి. గిరాకీ తగ్గితే ధరల స్పీడూ తగ్గుతుంది. అయితే ఈ మందు చేదు. అమ్మకాలు పడిపోతే కొత్త ఉద్యోగాలూ తగ్గుతాయి. పైగా, వడ్డీ పెంచినంత మాత్రాన ఉక్రెయిన్ నుంచి నూనె రాదు కదా!

ఇప్పుడు అసలు పాయింట్. 30 లక్షల లోన్, 20 ఏళ్లు, 7 శాతం వడ్డీ అనుకోండి. ఈఎంఐ సుమారు 23,260 రూపాయలు. లోన్ తీసుకున్న కొత్తలోనే వడ్డీ 9.5 అయిందనుకోండి. నెలకి వడ్డీయే 23,750! అంటే పాత ఈఎంఐ వడ్డీకి కూడా చాలదు. కడుతూనే ఉంటారు, అప్పు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 20 ఏళ్లలో తీరాలంటే దాదాపు 27,960 కట్టాలి.

చాలాసార్లు ఈఎంఐ మారదు, గడువు పొడిగిపోతుంది. అకౌంట్‌లో కట్ అయ్యే మొత్తం అంతే కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. అందుకే 2023 ఆగస్టులో ఆర్‌బీఐ, వడ్డీ మారేటప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అనేది కస్టమర్‌నే ఎంచుకోనివ్వాలని బ్యాంకులకి చెప్పింది.

2025 ఫిబ్రవరి నుంచి ఆర్‌బీఐ రెపో తగ్గించడం మొదలుపెట్టింది. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఇవాళే నాన్నగారి బ్యాంక్ యాప్ ఓపెన్ చేయండి. ఈఎంఐ ఒక్కటే కాదు, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో, ఇప్పుడు వడ్డీ ఎంతో చూడండి. లెక్క తేడాగా ఉంటే బ్రాంచ్‌కి వెళ్లి అడగండి. అడగడం మన హక్కు.